చెప్పుల డబ్బా మూత

ఎనభైల్లో ఒకసారి గుంటూరులో, తీగలు గుచ్చి టంకం పెట్టుకునే చిల్లుల బోర్డులు రెండు రకాలవి కొని, సత్తెనపల్లి మీదుగా పోయే నరసరావుపేట బస్సెక్కాను. ఒకదానికి రాగి గీతలున్నాయి. రెండోది ఉత్త గోధుమరంగు ముక్క, చవక. మీటలు నొక్కితే కరెంటుతో స్వరాలు పలికే పెట్టెను ఇంట్లోనే తయారుచేయాలని నా పిచ్చి. ఏ బోర్డు వాడాలో తేలక రెండింటినీ తిప్పి తిప్పి చూస్తుంటే, పక్క సీటు పెద్దాయన చెయ్యి చాపాడు. వేళ్ల కొసల నిండా కాలిన మచ్చలు. రేడియోలు బాగుచేస్తాడట.

"ఏది మంచిదండీ?" అన్నాను.

ఆయన రెండూ తిరిగి నా ఒళ్లో పెట్టేశాడు. తన సంచిలోని కొత్త చెప్పుల డబ్బా మూత చించి, పిన్నీసుతో వరసగా చిల్లులు పొడిచి ఇచ్చాడు.

"ముందు తప్పులన్నీ దీనిమీద చెయ్యి అబ్బాయ్. అయ్యి అయిపోయినాక బోర్డు సంగతి చూద్దువుగానీ."

సత్తెనపల్లిలో దిగిపోయాడు.

ఆ అట్టమీదే తీగలు గుచ్చి టంకం పెట్టాను. పెట్టె పలికింది. పెట్టె తయారీ నేర్పే పుస్తకంలోని బొమ్మతో పోల్చి చూస్తే ఒక తీగ తప్పు చోట ఉంది. సరిచేస్తే గొంతు పోయింది. మళ్లీ తప్పు చోటే పెడితే వచ్చింది. ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

నా తప్పులు అయిపోయాయో లేదో ఆయన్నే అడగాలి. బోర్డులు రెండూ ఇంకా కొత్తవిగానే ఉన్నాయి.