ఢిల్లీ నుంచి వచ్చిన ఫోన్

"నవ్వకండి సార్. మా ఓనరమ్మ తిట్టిన తిట్లు చెప్పనీకె నాకే సిగ్గయితది. 'నీ చెయ్యి పడిపోను' అన్నదట. 'ఇంకోసారి చేసినవంటే పోలీసోళ్లకు పట్టిస్త' అన్నదట. ఎవరిని? ఢిల్లీ ఆఫీసోళ్లని!"

చెప్తూ చెప్తూ సుమయ్యే నవ్వింది. నవ్వుతూనే ఒళ్లో ఉన్న ఫోను తిప్పి చూసుకుంది. ఎదురుగా కూర్చున్న రాజశేఖర్ పటాన్‌చెరులో జిరాక్సు దుకాణం నడుపుతాడు. అక్కడికి మెయిలు పంపించుకోవడానికి వచ్చిన సుమయ్య తన కథ సగంలో ఆపి డ్యూటీకి పరుగెత్తితే, మిగతా సగం వినడానికి లక్డారంలో ఆమె గది దాకా వచ్చాడు.

ఆమెది బర్మా. ఊరు తగలబడ్డ నాడు తల్లి వేలు పట్టుకుని బయల్దేరి, ఏర్లు దాటి, రైళ్లు మారి ఇక్కడ తేలింది. తెలుగు ఈ గల్లీల్లోనే నేర్చింది. శరణార్థి కార్డు తల్లి పేరు మీద ఉండేది. తల్లి పోయింది. ఇప్పుడు తన గోడు తానే చెప్పుకుని సొంత కార్డు తెచ్చుకోవాలి. ఫోన్ చేసి ఎప్పుడు రావాలో చెప్తామన్నారు, ఆ కార్డులిచ్చే ఢిల్లీ ఐక్యరాజ్యసమితి ఆఫీసువాళ్లు. కార్డు లేకపోతే, ఎవరైనా పోలీసు ఆపిన రోజున చూపించడానికి ఏమీ ఉండదు.

ఆమె మందుసీసాల మూతలు ప్యాక్ చేసే కంపెనీలో ఫోను లోపలికి రానివ్వరు. దుపట్టాలో దాచుకుపోతే గేటు దగ్గరే దొరికింది. అందుకని ఇంటి ఓనరు అరుణమ్మ చేతిలో పెట్టి, "ఫోనొస్తే డ్యూటీల ఉందని చెప్పు అమ్మా" అని పోయేది. ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం చెప్పలేదు. అరుణమ్మ లెక్కలో సుమయ్య బెంగాల్ పిల్ల. శరణార్థి అని తెలిస్తే గది ఖాళీ చెయ్యమంటుందేమోనని భయం.

ఫోన్ రానే వచ్చింది. ఎవరో ఆడమనిషి హిందీలో పేరేంది, తండ్రి పేరేంది, కార్డు నంబరేంది అని అడిగింది. అరుణమ్మకు ఒళ్లు మండింది. నిరుడు అచ్చం అలాంటి గొంతే వడ్లు అమ్మిన పైసలను ఆమె భర్త ఎల్లయ్య ఖాతాలోంచి ఊడ్చుకుపోయింది.

"'నీ పైసలు కాపాడిన బిడ్డా' అని ఎంత ఖుషీగ చెప్పిందో తెలుసా సార్! చాయ్ గూడ పోసింది. నేనేమనాలె?"

ఆ చాయ్ చల్లారేలోపే సుమయ్య అంతా చెప్పేసింది. అరుణమ్మ వెళ్లిపొమ్మనలేదు. "గీ ముచ్చట ముందుగాల చెప్తే నీ సొమ్మేం పోయింది?" అని ఈసారి ఆమెనే తిట్టింది.

తిరిగి చేస్తే ఆ నంబరు కలవలేదు. మెయిలుకు "మళ్లీ చేస్తాం" అని జవాబొచ్చింది. ఎప్పుడో లేదు. సుమయ్య సూపర్‌వైజర్ కామరాజు వెంటపడి రాత్రి డ్యూటీకి మారింది. పగలంతా ఫోనుకు కాపలా. గోడకు ఆనుకుని కన్ను మూస్తే చాలు, మోగినట్టే ఉంటుంది. లేస్తుంది, చూస్తుంది, సిగ్నల్ కోసం కిటికీ దగ్గరికి పోతుంది, మళ్లీ వస్తుంది.

"ఢిల్లీకి పిలిచినంక మా ఊరి గురించి అడుగుతరట. ఇంటి ముంగట పోకచెట్లు, మసీదు పక్క బాయి, అన్నీ రోజూ మనసుల అనుకుంటున్న. మరిచిపోతే అబద్ధమనుకుంటరు గద."

గుమ్మం బయటి నుంచి అరుణమ్మ తొంగి చూసింది. "మోగిందా బిడ్డా?"

"లే అమ్మా."

"నేనైతే ముట్ట. దూరంగనే ఉన్న."

సుమయ్య నవ్వలేదు. ఫోను చేతిలోకి తీసుకుని లేచి నిలబడింది.

"సార్, ఇగ మీరు పోండి. మాటల్ల పడితే నాకు వినపడదు. రోడ్డెక్కినంక నాకొకసారి ఫోన్ కొట్టండి, మోగుతుందో లేదో చూసుకుంట. నేను ఎత్తను. ఒక్క రింగు చాలు, జల్దీ కట్ చెయ్యండి. గప్పుడే వాళ్లు చేస్తే బిజీ వస్తది."