నాలుగు పోట్ల గిటారు

పాటని చంపడం చాలామందికి చేతనవును. నేను చంపినంత వేగంగా మాత్రం ఎవరూ చంపి ఉండరు. అదీ మలికిపురం సెంటర్లో, చవితి పందిట్లో, ఊరంతా చూస్తుండగా.

మా మనవరాలు శ్రావణికి గిటారు పిచ్చి. రాక్ పాటలంటుంది. నా చెవికి రెండిళ్లవాళ్లు పోట్లాడుకుంటే తాళం వేసినట్టుంటాయి. పిల్ల బాగా వాయిస్తుంది, అంతకంటే బాగా పాడుతుంది. రెండూ కలిపి చేస్తేనే తడబాటు. పోయినేడు చవితి పాటల పోటీలో అలాగే మాట మరిచిపోయి దిగొచ్చింది. దాంతో వాళ్ల నాన్న, అంటే మా అబ్బాయి, ఖరాఖండీగా చెప్పేశాడు.

"ఈ ఒక్కసారేనమ్మా. గెలవకపోతే గిటారు మూల పెట్టి పుస్తకం తియ్యి."

పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"నువ్వు పాడవే. నేను వాయిస్తాను."

"తాతయ్యా, నీకు అరవై రెండు!"

"అయితేనేం? యాభై దాటేక అక్షరాలు దిద్దినోణ్ణి. మీ గిటారులో అక్షరాలెన్నేంటి?"

"ఈ పాటకి కార్డ్‌లు నాలుగే. జీ, డీ, ఈ మైనరు, సీ. అవే తిరిగి తిరిగి వస్తాయి."

"నాలుగా! ఒత్తులూ గుణింతాలూ లేవా?"

కార్డ్ అంటే ఏం లేదండీ, వేళ్లతో తీగల్ని ఒక తీరుగా నొక్కి పట్టడం. పట్టడం వచ్చింది. ఎప్పుడు మార్చాలో రాలేదు. "నాలుగు దెబ్బలకోసారి" అంది శ్రావణి. నా బుర్రలో దీపం వెలిగింది. నలభై ఏళ్లు గునపం మీద కొబ్బరికాయలు ఒలిచినవాణ్ణి, నాలుగు పోట్లకి ఒక కాయ. జీ ఒక కాయ, డీ ఒక కాయ! వారం తిరిగేసరికి "గడియారంలా ఉన్నావు తాతయ్యా" అంది.

పోటీ సాయంత్రం మొదటి చరణం అమృతం. అప్పుడు పందిరి పక్కన జనంలో ఇరుక్కున్న కొబ్బరి లారీ ఒకటి హారన్ కొట్టింది.

ఒలిచేవాడికి లారీ హారన్ అంటే, కాయల రాశి గబగబా తెమల్చమని ఆజ్ఞ. బుర్రని అడక్కుండానే నా చేతులు జోరందుకున్నాయి.

"తాతయ్యా, మెల్లిగా!"

"ఆయ్, అయిపోవచ్చింది!"

"ఏంటి అయిపోవచ్చింది?"

మళ్లీ హారన్. పిల్ల కదిలిపోయిన బస్సు వెనక పరిగెత్తినట్టు నా వెనక పాడుతోంది. నేను ఆఖరి సీ కొట్టి, తువ్వాలుతో చేతులు దులుపుకుని లేచి నిలబడ్డాను. పాట ఇంకా రెండు చరణాలుంది.

పందిరి గొల్లుమంది. శ్రావణి నాకేసి ఒక చూపు చూసింది. ఆ చూపుకి పచ్చి కొబ్బరి ఎండి కురిడీ అయిపోవాలి. తర్వాత కళ్లు మూసుకుని, గిటారు లేకుండానే మిగతా రెండు చరణాలూ పాడింది. నవ్వులు అణిగిపోయాయి. లారీవాడు కూడా ఇంజను ఆపేశాడు.

మొదటి బహుమతి తనకే వచ్చింది. నేను మీసం దువ్వుకుంటూ న్యాయనిర్ణేత మేష్టారి దగ్గరికెళ్లాను.

"మన వాయింపు ఎలా ఉందంటారు?"

"బ్రహ్మాండమండీ! తమరు ఆపేకే కదా, అమ్మాయి గొంతు మాకు వినబడింది!"

అందుచేత నా పది వేళ్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకపై మనవరాలి పాటకి నేను చేసే సాయం ఒక్కటే. మొదలెట్టకముందే ఆపేస్తాను.