నూకరత్నం మిషన్ కరెంటు

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే మా పేట వస్తుంది. అక్కడ నూకరత్నానికి జాకెట్టు గుడ్డ ఇస్తే అది ఒంటికి అతికినట్టు కుదురుతుంది గానీ, చెప్పిన రోజుకు మాత్రం చేతికి రాదు. “హుక్కులొక్కటే కుట్టాలొదినా” అంటుంది. అప్పటికి గుడ్డ కత్తిరించి కూడా ఉండదు.

ఆమె భర్త గంగయ్య వేటకు వెళ్తాడు. పడవ ఒడ్డుకు దగ్గరవుతూనే ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ఎత్తేదాకా ఆమెకు ముద్ద దిగదు. కానీ మాది నాలుగు చినుకులు పడితే కరెంటు పోయే ఊరు. అందుకని ఒకరోజు అటక మీది పాత సైకిలు డైనమో దించి, మొగల్తూరులో ఫోన్లు బాగుచేసే జయపాల్ దగ్గరికి పట్టుకెళ్లింది.

“దీన్ని నా కుట్టు మిషన్‌కి తగిలించి, ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కేలా చెయ్యి తమ్ముడూ.”

జయపాల్ ముందు నవ్వాడు, తర్వాత పనిలోకి దిగాడు. మిషన్ కింద కాలితో తొక్కితే తిరిగే పెద్ద చక్రం ఉంటుంది కదా, దానికి డైనమో ఆనించాడు. మధ్యలో చిన్న సర్క్యూట్ పెట్టి ఛార్జింగ్ వైరు తగిలించాడు. ఇక ఆమె కుడుతున్నంతసేపూ ఫోన్ ఛార్జింగ్ ఎక్కేది. కాలు ఆపితే అదీ ఆగిపోయేది.

పేటంతా చూసి నవ్వింది. రొయ్యల చెరువుల గణేష్‌బాబు మరీ నవ్వాడు. ఆయన ఇంటి వెనక పెద్ద జనరేటర్ ఉంది. “ఏంటి నూకరత్నం, ఇక ఊరందరికీ నువ్వే సప్లయా?” అని దారిన పోతూ అడిగేవాడు.

“ఆయ్, మీకు మొదటి కనెక్షన్ ఇస్తానండి” అనేది ఆమె.

కార్తీకంలో తుపాను వచ్చింది. పడవలు ముందే ఒడ్డుకు చేరాయి, మనుషులకేమీ కాలేదు. కానీ కరెంటు స్తంభాలు వరసగా పడుకున్నాయి, రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. ఒకటొకటిగా ఫోన్లన్నీ ఆగిపోయాయి. గణేష్‌బాబు జనరేటర్ కరెంటు ఆయన చెరువులకే సరిపోయింది. దాంతో నవ్విన వాళ్లంతా ఛార్జర్ వైర్లు పట్టుకుని నూకరత్నం అరుగెక్కారు.

ఆమె అందర్నీ ఆదరంగానే కూర్చోబెట్టింది. “నా కాళ్లు లాగేస్తున్నాయండి. ఎవరి ఫోన్‌కి వాళ్లే తొక్కుకోండి” అంది. ఆ వెంటనే ఇంకో మాట కలిపింది. “ఊరికే తొక్కితే మిషన్ పాడైపోద్దండి. సూది కింద గుడ్డ ఉండి తీరాలి.”

ఇది పచ్చి అబద్ధం. ఫోన్ అవసరంలో ఉన్నవాళ్లు అన్నీ నమ్ముతారు. వాళ్లు చెమటలు కక్కుతూ తొక్కుతుంటే, నూకరత్నం పక్కన స్టూలు వేసుకుని తాపీగా గుడ్డ జరుపుతూ కూర్చుంది. ఎన్నాళ్లుగానో మూలుగుతున్న జాకెట్లు ఒక్కొక్కటే పూర్తయి తీగ మీదికి ఎక్కాయి.

ఇంతలో గణేష్‌బాబు వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. డీజిల్ అయిపోయి జనరేటర్ ఆగిపోయింది. చెరువుల్లో నీళ్లు చిలికే చక్రాలు త్వరగా మళ్లీ తిరక్కపోతే రొయ్యలు ఊపిరాడక చచ్చిపోతాయి. నరసాపురం బంకుకు ఫోన్ చేద్దామంటే, చెరువుల హడావిడిలో ఛార్జింగ్ పెట్టడం మరిచిన ఫోన్ లేవడం లేదు.

“పాపం, ఆయన్ని ముందు కూర్చోనివ్వండి” అంది నూకరత్నం, నిజంగానే జాలిపడి. కూర్చున్నాక మాత్రం కొత్త గుడ్డ తీసి సూది కింద పెట్టింది.

ఆయన కంగారుగా తొక్కాడు. చక్రం వెనక్కి తిరిగి దారం తెగింది. మళ్లీ ఎక్కించింది. మళ్లీ తెగింది.

“నెమ్మదిగా తొక్కండి బాబూ. ఇది బుల్లెట్టు బండి కాదండి.”

“ఎవరిదే ఈ జాకెట్టు, ప్రాణం తీస్తోంది!”

“మీ ఇంట్లో వాళ్లదేనండి.”

సరిగ్గా అప్పుడే ఆయన భార్య సారిక వెతుక్కుంటూ వచ్చింది. భర్తనీ, గుడ్డనీ మార్చి మార్చి చూసింది. “ఏవండీ, చేతులు కాస్త వదులుగా కుట్టండి” అంది. అరుగంతా ఘొల్లుమంది. గణేష్‌బాబుకు కోపం వచ్చింది గానీ కాలు ఆపే వీల్లేదు.

చివరికి ఫోన్ లేచింది. డీజిల్ ఉందన్నారు, తెచ్చేందుకే దారి లేదు. గంగయ్య పడవ తీసి, కాలవ దారిన వెళ్లి డీజిల్ డబ్బాలు తెచ్చాడు. రొయ్యలు చాలావరకు బతికాయి.

కరెంటు వచ్చాక జయపాల్ అసలు సంగతి చెప్పేశాడు. మిషన్ పై చక్రం పక్కనున్న మర వదులు చేస్తే సూది కదలదట, గుడ్డే అక్కర్లేదట. ఆడవాళ్లు కట్టగట్టుకుని దండెత్తారు. “మీ జాకెట్లు మీకు అందాయా లేదా?” అని ఎదురడిగింది నూకరత్నం. అందాయి.

సారిక ఆ జాకెట్టు తొడుక్కుని పెనుగొండలో పెళ్లికి వెళ్లి, కనిపించిన వాళ్లందరికీ “మా ఆయన కుట్టారండి” అని చెప్పింది. వారం తిరక్కుండా అక్కణ్నుంచి గణేష్‌బాబు పేరున ఐదారు జాకెట్టు గుడ్డలు దిగాయి. ఆయన వాటిని సంచిలో కుక్కి, అటూ ఇటూ చూసుకుంటూ నూకరత్నం అరుగెక్కాడు.

“ఇవి నువ్వే కుట్టెయ్. నేనే కుట్టానని చెబుతాను. ఎవరితోనూ అనకు.”

“ఆయ్, నాకెందుకండీ” అంది నూకరత్నం. పొద్దుగూకే లోపు పేటంతా ఆయన్ని టైలరు గారనే పిలిచింది.