ఇస్త్రీ పెట్టె మీద ఎండుమిరపకాయలు

కెటిల్‌లో మరిగిన నీళ్ళు తీసి, స్టీలు డబ్బాలో ఉన్న వేయించిన రవ్వ మీద పోశాను. మూత పెట్టేలోపు గుప్పున ఆవిరి లేచింది. నెయ్యి, కరివేపాకు, ఎర్రగా వేగిన మినప్పప్పు, ఎండిన అల్లం అన్నీ కలిసిన వాసన. ఈ వేసవిలో కన్యాకుమారిలో, కిటికీ తీస్తే సముద్రం కనిపించే హోటలు గదిలో ఉన్నాం మేము. మా ఆయన శీను మంచం మీద కూర్చుని టీవీలో తనకు అర్థంకాని తమిళ వార్తలు శ్రద్ధగా చూస్తున్నాడు. నేను డబ్బాను తువాలులో చుట్టి బల్ల మీద పెట్టాను గానీ, ఉడికిందో లేదోనని చెయ్యి మూత మీదికే పోతోంది. అప్పుడు నా వెనకాల ఎవరో నిలబడి, "మూత తియ్యమాకే, దాని మానాన దాన్ని ఉడకనియ్యి" అన్నట్టయింది. నాతో అట్లా మాట్లాడిన మనిషి ఒక్కతే. మా మస్తాన్‌బీ అక్క. ఆమె పోయి కొన్నేళ్ళయింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

గుంటూరులో మిర్చి యార్డుకు దగ్గర్లోనే మా సందు. అందులో మొదటి ఇల్లు అక్కది. పుట్టింది దర్శి దగ్గర పల్లెలో. మిరపకాయల వ్యాపారం మీద తిరిగే ఆయన్ని చేసుకుని ఈ ఊరొచ్చింది. ఆయన చిన్న వయసులోనే పోతే, ఇంటి ముందు వసారాలో కారం, పచ్చళ్ళు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. నేను పెళ్ళయి ఆ సందులోకి వచ్చేనాటికి ఆమె పండుమిరప పచ్చడికి ఊళ్ళో మంచి పేరుంది. నేను చదివింది అయిదో తరగతి. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆమె దగ్గర పనికి కుదిరాను. నాతోపాటు కోటేశ్వరమ్మ పిన్ని కూడా చేసేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తొడిమలు తీయడం, కాయలు వేయించడం, జల్లించడం. బయటివాళ్ళు మా వసారా మెట్టెక్కితే చాలు, ముక్కుకు గుడ్డ పెట్టుకునేవాళ్ళు. మేము ముగ్గురం మాత్రం ఆ ఘాటులోనే కబుర్లు చెప్పుకుని, ఆ ఘాటులోనే టీలు తాగేవాళ్ళం. తుమ్ము వచ్చిందంటే కారానికి కాదు, జలుబుకే.

ఏటా ఆవకాయ పని అయిపోగానే అక్క వసారాకు తాళం వేసేసేది. పెట్టాల్సిన జాడీలన్నీ పెట్టేశాక చేతులు ఊరికే ఉండవు కదా, వాటికి కాస్త చల్లగాలి చూపించాలి అనేది. అట్లా ఒక ఏడు మైసూరు, ఒక ఏడు మదురై చూసొచ్చింది, ఎవరు కలిసొస్తే వాళ్ళతో. ఊరు ఏదైనా ఆమె సంచి మాత్రం ఒకటే. తాలింపు వేసి వేయించిపెట్టిన బొంబాయి రవ్వ, పలుచని అటుకులు, బొరుగులు, పప్పుల పొడి, సీసాలో నెయ్యి, ఉడికించి దగ్గరపెట్టిన పులిహోర గుజ్జు, సిల్వరు కాగితంలో చుట్టిన చపాతీలు, సున్నుండలు, ఉల్లిపాయలు, నిమ్మకాయలు, చిన్న చాకు, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా. అటుకుల మీద వేడినీళ్ళు చిలకరించి, ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండితే ఒక పూట. కింద మెస్సులో ఒట్టి అన్నం పొట్లం తెచ్చుకుని పులిహోర గుజ్జు కలుపుకుంటే ఇంకో పూట. చపాతీలో సున్నుండ చిదిమి చుట్టుకుంటే దారిలోకి. హోటలు తిండి అంటే ఆమెకు ఏవగింపేమీ లేదు. "ఊరు చూడ్డానికొచ్చి ఇడ్లీ కోసం కూర్చుంటే కొండ మీద మంచు కాస్తా పోద్ది" అనేది, అంతే. గదిలో ఉన్న కెటిల్ విషయంలో మాత్రం భలే పట్టింపు. అందులో నీళ్ళు తప్ప ఏదీ పోయనిచ్చేది కాదు. మన తర్వాత వచ్చేవాళ్ళ టీలో మన ఉల్లిపాయ వాసన రాకూడదనేది.

నేను ఆమెతో వెళ్ళిన మొదటి ఊరు ఊటీ. ఎందుకు వెళ్ళానో చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. ఆ ఏడు నాకు ఏడో నెలలో కడుపు పోయింది. ఆడపిల్ల. ఒంటికి వచ్చిన నొప్పి కొన్నాళ్ళకు తగ్గింది గానీ, ఆకలి మాత్రం తిరిగి రాలేదు. అన్నం నోట్లో పెట్టుకుంటే తడి ఇసక నమిలినట్టు ఉండేది. అమ్మ వచ్చి తినమ్మా అంది, అత్త వచ్చి తినమ్మా అంది, శీను ఆటో మధ్యలో ఆపి ఇంటికొచ్చి, తిన్నావా అని అడిగి మళ్ళీ వెళ్ళేవాడు. నేను అందరి కోసం రెండు ముద్దలు మింగి కంచం పక్కన పెట్టేదాన్ని. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. డాక్టరమ్మ టానిక్కులు రాసింది, అవి కూడా ఇసక లాగానే ఉండేవి. ఇట్లా అయితే మనిషి నిలవదని శీను మా అమ్మతో అంటుంటే విన్నాను. విని నాకేమీ అనిపించలేదు. అదే ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

ఆవకాయ పని చివరి రోజున అక్క మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, నన్ను కాదు, శీనును అడిగింది. తనకూ పిన్నికీ తమిళం రాదనీ, ఇద్దరూ ముసలాళ్ళనీ, సామాను పట్టడానికి మనిషి కావాలనీ చెప్పింది. తమిళం నాకూ రాదు. శీను వెంటనే సరేనన్నాడు. నేను వద్దని అనలేదు, వస్తాననీ అనలేదు. తెనాలిలో రైలెక్కి, కోయంబత్తూరులో దిగి, బస్సులో కొండెక్కాం. నా చేతికి బరువైన సంచి ఒక్కటీ ఇవ్వలేదు అక్క. సామాను మోయడానికి నన్ను తెచ్చిందని అప్పటికీ నమ్ముతూనే ఉన్నాను నేను.

ఊటీలో సీజన్ అయిపోయింది, వానలు మొదలయ్యాయి. గది కిటికీలోంచి చూస్తే మబ్బు తప్ప ఏమీ లేదు. నమాజుకు పడమర ఎటో తెలియక అక్క ఇబ్బంది పడుతుంటే, పిన్ని కిందికి వెళ్ళి చేతులతో సూర్యుడు మునగడం చూపించి మరీ కనుక్కొని వచ్చింది. పూట పూటకూ అక్క మంచం మీద పాత పేపరు పరిచేది. తనకు, పిన్నికి, నాకు పెట్టేది. నా కంచంలో పెట్టింది చూసి తినమని ఒక్కసారి కూడా అనలేదు. తను మాత్రం మహా ఇష్టంగా తినేది. అటుకుల్లో ఉల్లిపాయ ముక్క తగిలితే కళ్ళు మూసుకునేది. నేను వదిలేసింది తీసుకుని, "ఇది కూడా నాకేనా, బాగుంది" అనేది. పిన్ని ఊరుకునే మనిషి కాదు. "పిల్ల తినకపోతే నువ్వు మెక్కటమేందే మస్తానూ" అని కసిరితే, చలికి తనకు ఆకలెక్కువైందని నవ్వేసేది. రెండు రోజులు అట్లాగే గడిచాయి. తోటకు వెళ్ళాం, సరస్సు చూశాం, వానలో తడిశాం. నా నోట్లో ఇసక అట్లాగే ఉంది.

మర్నాడు వాన వదల్లేదు. బయటికి వెళ్ళే వీల్లేక దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. పిన్ని తన పెళ్ళిలో వడ్డించినవన్నీ చెబుతోంది. అక్క తమ దర్శి వైపు పొలాల్లో మిరపకోతలప్పుడు తినే కూడు గురించి ఎత్తుకుంది. నేను గోడకు ఆనుకుని వింటూ వింటూ, మా అమ్మమ్మ ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి పెట్టి నూరేదనీ, వేడన్నంలో అది ఉంటే కూర ఎందుకనిపించేదనీ అన్నాను. ఊరికే అన్నాను. అక్క మాట్లాడుతున్నదల్లా ఆగి నా వైపు చూసింది. తర్వాత ఏమీ జరగనట్టే లేచి, పిన్నిని కింద మెస్సులో వేడన్నం పొట్లం తెమ్మని పంపింది. వస్తూ వస్తూ గుప్పెడు ఎండుమిరపకాయలు కూడా అడగమంది.

పిన్ని అన్నం, మిరపకాయలతో పాటు చింతపండు, వెల్లుల్లి కూడా సంపాదించుకొచ్చింది. నిప్పు ఎక్కడిదని నేను అడగబోయేలోపే అక్క గది బీరువా తెరిచి ఇస్త్రీ పెట్టె తీసింది. రెండు స్టీలు డబ్బాల మధ్య దాన్ని తలకిందులుగా నిలబెట్టి, చపాతీల సిల్వరు కాగితం దాని మీద పరిచి, స్విచ్చి వేసింది. కెటిల్‌లో ఉల్లిపాయ వాసన రానివ్వని మనిషి. మిరపకాయలు వరసగా పేర్చి గరిట కాడతో అదిమింది. చలికని కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. కాయలు నల్లబడ్డాయి, చిటపటమన్నాయి, గది అంతా పొగ. మాకు మాత్రం మా వసారాలో కూర్చున్నట్టే ఉంది. పిన్ని దుప్పట్లోంచి ముఖం బయటపెట్టి, ఇప్పటికి ఇంటికొచ్చినట్టుందని అంది. అక్క వాటిని కంచంలో వేసి, ఉప్పు, చింతపండు, వెల్లుల్లి కలిపి, గ్లాసు అడుగుతో నూరడం మొదలుపెట్టింది.

ముందు పక్కగదిలో దగ్గు వినిపించింది. తర్వాత ఎదురుగదిలో. తర్వాత వరండా అంతా దగ్గులే. తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు, పరుగులు, ఎవరో పిల్ల ఏడుపు. ఏదో ప్రమాదం జరిగిందనుకుని పిన్ని చెప్పులు వెతుక్కుంటోంది. ఇంతలో మా తలుపు దబదబా కొట్టారు. తీస్తే మేనేజరు, ముక్కుకు రుమాలు, కళ్ళవెంట ధారగా నీళ్ళు. మన వాళ్ళు ఎక్కువగా వచ్చే ఊరు కాబట్టి అతనికి కాస్త తెలుగు వచ్చు. గ్యాసు లీకైందా అని అడిగాడు. "గ్యాసూ లేదు గీసూ లేదు నాయనా, నాలుగు మిరపకాయలు కాల్చుకుంటన్నాం" అంది పిన్ని. అప్పటిగ్గానీ ఆ దగ్గులన్నీ మా వల్లేనని మాకు తట్టలేదు. అతను ఇస్త్రీ పెట్టెను చూశాడు. చూసి, తమిళంలో చాలాసేపు మాట్లాడాడు. గది ఖాళీ చెయ్యాలన్నది మాత్రం తెలుగులో చెప్పాడు.

అక్క లేచింది. కిటికీలన్నీ బార్లా తెరిచి, వరండాలో నిలబడి దగ్గుతున్న వాళ్ళందరికీ చేతులు జోడించింది. ఒక ముసలావిడకు మంచినీళ్ళిచ్చి వీపు నిమిరింది. మళ్ళీ మేనేజరు దగ్గరకొచ్చి నెమ్మదిగా చెప్పింది.

"తప్పు నాదే బాబూ, నీ పెట్టె పాడైతే కొత్తది కొనిస్తా. వెళ్ళిపొమ్మన్నావు, వెళ్ళిపోతాం. ఆ పిల్లనొక్కదాన్ని మాత్రం ఇప్పుడు లేపమాక. తిననియ్యి."

అతను నా వైపు తిరిగాడు. అక్క కూడా తిరిగింది. అప్పుడే నేనూ చూసుకున్నాను. కంచం నా ఒళ్ళో ఉంది, చెయ్యి ఎర్రగా ఉంది, అన్నం పొట్లం సగం అయిపోయింది. ఎప్పుడు మొదలుపెట్టానో నాకు తెలియదు. కారానికి ముక్కు కారుతోంది, కళ్ళు మండుతున్నాయి, కిటికీలోంచి చల్లటి వాన జల్లు ముఖాన కొడుతోంది, నేను ఇంకో ముద్ద కలుపుతున్నాను. ఇసక లేదు. అన్నం అన్నంలాగే ఉంది. మేనేజరు ఏమనుకున్నాడో, నిదానంగా కానివ్వమని చెప్పి వెళ్ళిపోయాడు.

ఖాళీ చెయ్యడం మాత్రం తప్పలేదు. సాయంత్రం గొడుగుల కింద సంచులు మోసుకుంటూ ఇంకో లాడ్జి వెతుక్కుంటూ బయల్దేరాం. ఈసారి ఒక సంచి నేనూ పట్టాను. వాన పెరిగితే బస్టాండు షెడ్డులో ఆగాం. గుంటూరోళ్ళని చెబితే ఇక ఈ ఊళ్ళో ఎవరూ గది ఇవ్వరనీ, ఒంగోలు అని చెబుదామనీ పిన్ని అంటోంది. ఒంగోలోళ్ళు మాత్రం చక్కెర తింటారా అని అక్క అడుగుతోంది. ఇద్దరి మధ్యా కూర్చుని వానను చూస్తున్న నాకు పొట్టలో ఏదో పట్టి లాగినట్టయింది. మొదట నొప్పేమోనని భయపడ్డాను. నొప్పి కాదు.

"అక్కా, ఆకలేస్తంది" అన్నాను.

పిన్ని నోరు తెరిచి ఏదో అనబోయింది. అక్క ఆమె మోకాలు మీద చెయ్యి వేసి ఆపింది. సంచి విప్పడానికి కొంచెంసేపు పట్టింది ఆమెకు, తాడు ముడి ఒక పట్టాన రాలేదు. చపాతీ తీసి, మధ్యలో సున్నుండ చిదిమి, చుట్టి నా చేతిలో పెట్టింది. వాన వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. "జల్లు కొడతంది" అంది.

ఇంటికొచ్చాక చాలాకాలానికి, నా కోసమే ఊటీ తీసుకెళ్ళావా అని అడిగాను. "నీ కోసమెందుకే, నాకు చలి చూడాలనిపించింది" అని తోసేసింది. ఆ తర్వాత కూడా ఆమెతో చాలా ఊళ్ళు తిరిగాను. తర్వాత ఆమెకు ఓపిక తగ్గినప్పుడు సూర్యలంకలో సముద్రం ఒడ్డున గది తీసుకుని, అటుకులు నేను కలిపితే ఆమె తింది. పిల్లలు మాకు మళ్ళీ పుట్టలేదు. ఆ దుఃఖం పోయిందని చెప్పను. దాని పక్కనే నేను బతికాను, బాగానే బతికాను.

ఆకలి వేస్తే జనం విసుక్కుంటారు, అరుస్తారు, చేతికేది దొరికితే అది నోట్లో వేసుకుంటారు. నాకు మాత్రం మధ్యాహ్నమయ్యేసరికి పొట్టలో ఆ చిన్న కదలిక మొదలవగానే, దూరం వెళ్ళిన మనిషి వీధి మలుపు తిరిగి వస్తున్నట్టు ఉంటుంది. చేతిలో పని ఆపేస్తాను. వెంటనే కంచం పెట్టుకోను. గుమ్మంలో కాసేపు కూర్చుంటాను, దాన్ని లోపలికి రానిస్తూ.