అంటని జబ్బు, తాగని టీ

మీ వీధిలోకి అద్దె ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మనిషిని మీరు మొట్టమొదట ఏమడుగుతారు? ఊరా, కులమా, వంటింట్లో ఏం వండుతారనా? నిన్న కాశీబుగ్గలో మా వీధి మొదట్లో కొత్త మేడకి ఒక బోర్డు కనిపించింది. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును. ఉద్దానం కిడ్నీ పేషెంట్లు అడగవద్దు.’ రెండుసార్లు చదివాను. కోపం రావలసిన చోట ఈమధ్య నాకు అలసటే వస్తోంది.

కొన్నేళ్ళ క్రితం ఈ ఊళ్ళోనే మా మేనత్త ఇంటి వెనక వాటాలోకి వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒక జంట వచ్చి దిగింది. చేపల వేట వాళ్ళు. అతనికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ప్రతిసారీ బస్సులో వచ్చి తిరిగి తమ ఊరు చేరేసరికి మనిషి సగమైపోతున్నాడని, ఆసుపత్రికి దగ్గరని ఆ వాటా తీసుకున్నారు. అది పోతే మళ్ళీ బస్సే గతి. మా అత్త గుమాస్తాగారి భార్య, మడీ ఆచారమూ ఉన్న మనిషి. టీ దగ్గర మాత్రం ఏ ఆచారమూ లేదు. రోజుకెన్ని తాగేదో ఆవిడకే తెలియదు.

వాళ్ళు దిగిన వారానికి వీధి వీధంతా అత్త పెరట్లో చేరింది. ఎండాకాలం కావడంతో ఆ పెరటి బోరే అందరికీ ఆధారం. పక్కింటి మాస్టారు అందరి తరఫునా అన్నారు: “ఆ జబ్బు నీళ్ళ వల్లే వస్తుందంటున్నారు కదండీ. వాళ్ళ బిందె మన కుళాయికి తగిలితే ఎలాగ? ఖాళీ చేయించెయ్యండి.”

అత్త నాకు కబురు పెట్టింది. మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి మాట్లాడేవాణ్ణి. ఇలాంటివి నా పని. అది మనిషి నుంచి మనిషికి అంటే జబ్బు కాదని విడమరిచి చెప్పాను. మాస్టారి ప్రతి సందేహానికీ రెండేసి జవాబులిచ్చాను. మైకు లేదు గానీ, నా చెవులకి చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి. పెరట్లోంచి ఒక్కరూ వెనక్కి మళ్ళలేదు.

అప్పుడు ఆ వాటా ఇల్లాలు గుమ్మంలోంచి చిన్న స్టీలు చెంబు ఎత్తి చూపించింది. “మా మావకి దినవంతా ఇవే నీళ్ళు బావూ. ఇంతకి మించితే కాళ్ళు పొంగిపోతాయని డాట్రుగారు సెప్పినారు. మీ బోరు తాగీడానికి మాకు రాత నేదు.” లోపలికెళ్ళి టీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. “సాలాసేపు సెప్పినారు, గొంతెండిపోయుంటాది.”

నా చెయ్యి వెనక్కి పోయింది. “ఇప్పుడే తాగొచ్చానమ్మా” అన్నాను. అబద్ధం. అంటదని తెలిసిన బుర్రకీ, వెనక్కి పోయిన చేతికీ ఆ క్షణాన మాటల్లేవు.

అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. “అంటదన్నవాడివి తాగవేం రా?” అని ఆ గ్లాసు తనే తీసుకుని, వాళ్ళ గుమ్మంలోనే చతికిలబడి ఊదుకుంటూ తాగింది. “నా వాటాలో ఎవరుండాలో మీరు చెబుతారేవిటి మాస్టారూ? పంచదార తక్కువైందే అమ్మాయ్.”

“రేపు ఎక్కువేత్తానమ్మా.”

ఎవరో నవ్వారు. ఆ ‘రేపు’తో తగువు తీరిపోయింది. బిందెలు నింపుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. ఆ సాయంత్రం అత్త మళ్ళీ తలారా స్నానం చేసిందేమో నాకు తెలియదు. చేసినా, గెలిచింది ఆవిడే.

అతను బతికున్నన్నాళ్ళూ వాళ్ళు ఆ వాటాలోనే ఉన్నారు. ఇప్పుడు అతను లేడు, అత్తా లేదు. నా ఉపన్యాసాలన్నిటినీ కొట్టుకుపోనిచ్చిన కాలం, నేను తాగని ఆ ఒక్క గ్లాసునే పదిలంగా దాచిపెట్టింది. మీరు ఉపన్యాసాలివ్వక్కర్లేదు. మీ వీధిలో అలాంటి బోర్డుంటే ఇవాళే వెళ్ళి దింపించండి. ఆ ఇంట్లో దిగినవాళ్ళ గుమ్మంలో కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి రండి.