మిరపకాయల్లో మోగిన ఫోను

అక్కని చూసి హైదరాబాద్ నుంచి వస్తున్నా. బస్సు జగ్గయ్యపేట దాటేసరికి గాలివాన అందుకుంది. రోడ్డు కనపడక డ్రైవరు బస్సు పక్కకి తీసి ఆపేశాడు. అప్పుడే అందరి ఫోన్లకీ మెసేజ్ వచ్చింది. పిడుగులు పడతాయి, పొలాల్లో ఎవరూ ఉండొద్దని.

మా ఆయన ఉన్నది పొలంలోనే. చందర్లపాడు దగ్గర కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, కాపలాకి ఆయనొక్కరే. ఫోన్ చేశా. రింగవుతోంది, ఎత్తట్లేదు. మళ్లీ మళ్లీ చేశా. ఉరిమినప్పుడల్లా ఆ కల్లంలో ఒంటరిగా ఉన్న మనిషే కళ్ల ముందుకొస్తున్నాడు. పక్క సీటావిడ నీళ్ల సీసా ఇస్తే ఒళ్లో పెట్టుకుని మళ్లీ ఫోన్ చేశా.

వాన తగ్గాక బస్సు కదిలింది. నందిగామలో దిగుతుంటే ఆయనే చేశారు.

"ఏమైపోయారండీ? ఫోన్ ఎత్తరేం?"

"తడిసిపోద్దని కాయల్లో పెట్టి పైన పట్టా కప్పేశా. గాలికి పట్టా లేచిపోకుండా దాని మీదే కూర్చున్నా. కింద మోగుతానే ఉంది, తీద్దామంటే కాయలు తడుస్తాయి."

"పిడుగులు పడుతుంటేనా?"

"కాయ ఒక్కటి తడవలేదు. త్వరగా చెప్పు, ఫోనుకి ఘాటు పట్టింది, చెవి మండిపోతంది."

బస్టాండులో అందరి ముందూ ఏడ్చేశా.

ఇప్పుడు ఆయన ఇంట్లో కూర్చుని తుమ్ముతున్నారు. కాయలకి పట్టా ఉంది, ఫోనుకీ పట్టా ఉంది. మీ ఇళ్లల్లో ఆ పట్టా కింద మనిషికి కూడా చోటిచ్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, మా ఆయనకి చూపిస్తా.