చేతికి ఎరుక

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో తెలుగు చెప్పేదాన్ని. తెనాలి వైపు నుంచి వచ్చానని నా భాష మీద నాకు కాస్త పొగరు. ‘జ్ఞానం’ పాఠమంటే మరీను. సంస్కృతంలో ‘జ్ఞా’ అనే ధాతువు నుంచి ఆ మాట పుట్టిందనీ, తెలుసుకోవడానికి ఇంగ్లీషువాళ్లు వాడే ‘know’ కూడా దానికి చుట్టమేననీ చెబుతుంటే నా ఒళ్లే పులకరించేది.

టీచరు ఉద్యోగ పరీక్షకు చదువుతున్న నల్గొండ అమ్మాయి ఒకతె, ‘మా అమ్మకు చదువు రాదు గాని అన్నీ ఎర్క’ అని వ్యాసంలో రాసింది. ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన ‘మోటు మాట’ అని రాసి, క్లాసులో చదివి వినిపించాను. కొందరు నవ్వారు. ఆ అమ్మాయి కాగితం తీసుకోకుండానే వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. పరీక్ష నెల రోజుల్లో ఉంది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఓ మధ్యాహ్నం రాస్తారోకోతో బస్సులు ఆగిపోతే ఎల్.బి.నగర్‌లోని ఇంటికి నడక మొదలుపెట్టాను. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దాటగానే ఒక బత్తాయిల బండి. దాని వెనక ఆ అమ్మాయి, పక్కన వాళ్లమ్మ. ఆ అమ్మాయి వైపు చూడకుండా, పెద్దగా, నిగనిగలాడుతున్న పండ్లు రెండు ఏరాను.

“గవి వద్దు మేడం, తోలు మందం. రసముండది,” అంది తల్లి. చూపు రోడ్డు మీద నినాదాలిస్తున్నవాళ్ల వైపే ఉంది. చెయ్యి మాత్రం కుప్పలో తిరిగి ఒక పండును అరచేతిలో తూచింది. నేను ఏరినవాటిలో ఒకటీ, తనదీ కోసింది. నాది పిప్పి. తన పండు రసం మణికట్టు దాకా కారింది.

“చూడకుండానే ఎలా తెలిసిందమ్మా?”

“చూసుడేముంది? చేతికి ఎర్కైతది.”

ఎర్క అంటే ఎరుకే కదా, ఎరగడం నుంచి పుట్టిన ఎరుక! పాత పద్యాల్లో ఆ మాటకు ఎన్నిసార్లు అర్థం చెప్పానో. అచ్చ తెలుగు మాట, ఇన్ని వందల ఏళ్లు నడిచొచ్చి ఈ బండి దగ్గర నిక్షేపంగా బతికుంది. దాన్నే నేను కొట్టేశాను.

ఆ రోజు నుంచీ సంచిలోనే ఉండిపోయిన ఆ అమ్మాయి కాగితమూ, ఎర్ర పెన్నూ తీసి ఇచ్చాను. తను ‘మోటు మాట’ను కాగితం చిరిగేలా కొట్టేసింది.

“ఏం కొట్టేసినవ్ బిడ్డా?” అంది తల్లి.

“ఏం లేదమ్మా. మేడంకు ఎర్క లేక రాసింది.”